నాన్న కొట్టు పక్కన పాటల పందిరి

అక్కడ మందు పనికిరాదు. కరెంటు గిటారు వేదిక ఎక్కదు. శనివారం రాత్రి ఏడున్నర అయిందంటే పాట మొదలైపోతుంది. కరోనా కాలం లాంటివి పక్కన పెడితే యాభై ఏళ్ళుగా ఇదే వరస.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నైరుతి మూలన, టెనెసీ సరిహద్దుకి దగ్గర్లో, క్లించ్ మౌంటెన్ అని గోడలా సాగిపోయే కొండ ఒకటుంది. దాని పాదాల దగ్గరున్న సన్నటి లోయ పేరు పూర్ వ్యాలీ. ఓ గట్టు దాటితే రిచ్ వ్యాలీ. పేదలోయ, కలవారి లోయ అన్నమాట. మొహమాటం లేకుండా పేర్లు పెట్టుకున్నారు. పేదలోయలో రోడ్డు పక్కన కొండవాలుకి ఆనించి కట్టిన పెద్ద చెక్క షెడ్డు కనిపిస్తుంది. అదే కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్. ఎనిమిది వందల మందికి పైగా పడతారు. వాలునే మెట్లుగా మలిచి సీట్లు వేశారు. పాత స్కూలు బస్సుల్లోంచి ఊడదీసి తెచ్చిన సీట్లు కూడా వాటిలో ఉన్నాయి. పక్కనే ఒకప్పటి కిరాణా కొట్టు, ఇప్పుడది మ్యూజియం. ఆ దగ్గర్లోనే దుంగలతో కట్టిన చిన్న ఇల్లు. వేరేచోట ఉన్నదాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టారు.

కొట్టు ఏ.పి. కార్టర్‌ది. దుంగల ఇంట్లో ఆయన పుట్టాడు. షెడ్డు కట్టాలన్న పట్టుదల కూతురు జానెట్‌ది, కట్టిన చెయ్యి కొడుకు జోది. ప్రతి శనివారం ఒక బృందం వచ్చి పాడి వెళుతుంది. ఏడాదికోసారి ఆగస్టు మొదటి వారాంతంలో పెద్ద పండగ. ఊరి జాతరకీ టికెట్టు కచేరీకీ మధ్యస్థంగా ఉండే వ్యవహారం.

జానపద ఉత్సవం అనగానే మనకి సాంస్కృతిక శాఖ బ్యానరు, గంట ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, శాలువాల దొంతర గుర్తొస్తాయి. అలా కాకుండా ఒక కుటుంబం తన సొంత జాగాలో, తన ఇంటి పద్ధతుల మీద అర్ధశతాబ్దం పాటు పాటల పందిరి నిలబెట్టాలంటే ఏమేం కావాలి? పాట కావాలి, సరే. అంతకన్నా ముందు కాళ్ళ కింద పట్టా ఉన్న నేల కావాలి, వచ్చినవాళ్ళకి వండిపెట్టే ఓపిక కావాలి, కాస్త మొండితనం కావాలి. పేదలోయ కథంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

చేను కలుపు తీస్తానని కారు అడిగాడు

ఏ.పి. 1891లో పుట్టాడు. పండ్ల మొక్కలు అమ్మే నర్సరీ తరఫున కొండల్లో ఊరూరూ తిరిగి ఆర్డర్లు రాసుకునేవాడు. అలా తిరుగుతూ కొండకి అవతలి పక్క కాపర్ క్రీక్ దగ్గర సారా అనే అమ్మాయి పాట విన్నాడని, పాట ముందు నచ్చి తర్వాత పిల్ల నచ్చిందని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. 1915లో పెళ్ళయింది. సారా పినతల్లి పెద్దతల్లి పిల్లల వరసలో చెల్లెలు మేబెల్, ఏ.పి. తమ్ముడు ఎజ్రాని చేసుకుని అదే లోయకి కోడలిగా వచ్చింది. అలా తోడికోడళ్ళైన అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక గొంతు, ఒక గిటారు. ఏ.పి. పాటలు పోగేసేవాడు, మధ్యలో బుద్ధి పుడితే గొంతు కలిపేవాడు, లేకపోతే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవాడు.

1927 వేసవిలో విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ పట్నంలో మకాం వేశాడు. కొండల్లో పాడుకునేవాళ్ళని వెతికి రికార్డు చేస్తాం, పాటకి 50 డాలర్లు ఇస్తాం అన్న కబురు లోయదాకా వచ్చింది. ఏ.పి.కి కారు లేదు. తమ్ముడిని అడిగితే, ఇస్తాను గానీ బదులుగా నా మొక్కజొన్న చేలో కలుపు తీసిపెట్టాలన్నాడట. నలభై కిలోమీటర్ల దారి. మేబెల్ నిండుచూలాలు. సారా ఒళ్ళో అయిదు నెలల చంటివాడు జో. వాణ్ణి ఎత్తుకోడానికి ఎనిమిదేళ్ళ పెద్దకూతురు గ్లాడిస్. నాలుగేళ్ళ జానెట్‌ని ఇంటి దగ్గరే వదిలేశారు. తోవలో టైర్లు పంక్చర్లు. ఆగస్టు 1న సాయంత్రం నాలుగు పాటలు, మర్నాడు పొద్దున రెండు పాటలు పాడి ఇంటికొచ్చేశారు. రికార్డింగు జరిగింది ఒకప్పటి టోపీల గోదాములో. ఆ ఆరు పాటలూ, అదే గోదాములో మరో రెండు రోజులకి జిమ్మీ రోడ్జర్స్ పాడిన పాటలూ కలిసి అమెరికా కంట్రీ సంగీతానికి పునాది వేశాయని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ఆ పట్నాన్ని కంట్రీ సంగీతపు పుట్టిల్లుగా 1998లో అమెరికా కాంగ్రెసే గుర్తించింది.

మేబెల్ చెయ్యి ఎలా ఆడేదో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఫోల్డ్ వేదికకి వచ్చే గిటారిస్టుల్లో ఆ చేతివాటం రానివాళ్ళు అరుదు. మామూలుగా గిటారు పాటకి వెనక తోడు: కార్డ్ పట్టుకుని అన్ని తీగల మీదా చెయ్యి జారవిడవడం. మేబెల్ పై వరసలో ఉన్న లావుపాటి తీగల మీద బొటనవేలితో పాట వరసే మీటేది. అదే ఊపులో మిగతా వేళ్ళతో సన్నతీగల్ని కిందకీ పైకీ గీరుతూ తాళం వేసేది. వింటే ఇద్దరు వాయిస్తున్నారనుకుంటాం. 1928 నాటి ఆమె గిబ్సన్ గిటారు ఖరీదు అప్పట్లో 275 డాలర్లు. పేదలోయ లెక్కలో చిన్న పొలం కొన్నట్టే.

పేరొచ్చింది, డబ్బు కొంత వచ్చింది, కాపురం మాత్రం నిలవలేదు. సారా, ఏ.పి. 1933 నుంచీ వేరుగానే ఉన్నారు. తర్వాత విడాకులయ్యాయి. సారా 1939లో ఏ.పి. దగ్గరి బంధువునే పెళ్ళాడింది. విడిపోయాక కూడా కలిసి పాడారు, కలిసి రికార్డింగులకెళ్ళారు. 1938లో మెక్సికో సరిహద్దున ఉన్న ఒక రేడియో స్టేషన్ వీళ్ళని పెట్టుకుంది. మేక గ్రంథులు అతికిస్తే మగతనం తిరిగొస్తుందని ప్రచారం చేసుకున్న డాక్టర్ బ్రింక్లీ నడిపిన స్టేషనది. అమెరికా చట్టాలు తగలకుండా సరిహద్దు దాటి పెట్టిన ఆ టవరు పుణ్యాన కార్టర్ల పాట ఖండమంతా వినబడింది. 1943కి బృందం విడిపోయింది. సారా కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. మేబెల్ కూతుళ్ళతో వేరే బృందం కట్టుకుంది. ఏ.పి. ఒక్కడే లోయకి తిరిగొచ్చి రోడ్డు పక్కన కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. 1950ల్లో సారా, జానెట్, జోలతో కలిసి ఒక చిన్న కంపెనీకి మళ్ళీ కొన్ని పాటలు పాడాడు గానీ అప్పటికి రేడియోలో గాలి మారిపోయింది. 1960లో పోయాడు. పోయేముందు జానెట్‌తో, నా పాట ఆగిపోకుండా చూడమ్మా అన్నాడు. చూస్తానని ఆమె మాటిచ్చింది.

పాట ఇద్దరూ మోశారు, పొలం ఒకరికే ఉంది

ఇక్కడ ఒక మనిషిని దాటి వెళ్ళలేం. రికార్డు కంపెనీకి ఎప్పటికప్పుడు కొత్త పాటలు కావాలి. ఏ.పి. వాటికోసం కొండల్లో గుమ్మం గుమ్మం తిరిగాడు. ఆయన పదాలు రాసుకోగలడు, వరస గుర్తుండదు. కింగ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు తారసపడ్డాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు, తుపాకీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్నవాడు. ఒక్కసారి వింటే వరస మర్చిపోడు. ఏ.పి. కాగితం, రిడిల్ జ్ఞాపకం. టేపు రికార్డరు లేని రోజుల్లో ఇద్దరూ కలిసి ఒక యంత్రంలా పనిచేశారు. జాతి విభజన చట్టాలు రాజ్యమేలుతున్న దక్షిణాదిలో తెల్లవాడూ నల్లవాడూ ఒకే కారులో తిరిగి, నల్లవాళ్ళ చర్చిల్లోనూ వరండాల్లోనూ కూచుని పాటలు విన్నారు. మేబెల్ గిటారు కూడా రిడిల్ దగ్గర కొంత నేర్చుకుంది, ఆ మాట తనే చెప్పుకుంది.

పోగేసిన పాటల హక్కులు ఏ.పి. పేర నమోదయ్యాయి. రిడిల్ పేరు ఎక్కడా లేదు. 1940ల్లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కి వెళ్ళిపోయి గిటారు మూలపడేశాడు. 1960ల్లో మైక్ సీగర్ అనే గాయకుడు, మేబెల్ చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని వెళ్ళి కనుక్కునేదాకా ఆయన సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పుట్టిన ఊరు బర్న్స్‌విల్‌లో ఆయన పేరిట కచేరీలు జరుపుతున్నారు.

కార్టర్ల తరఫున ఒక మాట చెప్పాలి. ఆ కాలంలో జానపదాన్ని రికార్డుకెక్కించిన ప్రతివాడూ చేసిన పనే ఏ.పి.దీ. పీర్ స్వయంగా ఆ పద్ధతికి బాట వేశాడు, హక్కుల డబ్బులో ఎక్కువ వాటా ఆయనదే. అయినా తూకం తూకమే. ఒకే పాటల మూట ఇద్దరు మోశారు. ఒకాయనకి లోయలో తరాల నాటి నేల ఉంది, కొట్టు ఉంది, ఆ నేల మీదే ఉండిపోయిన కూతురుంది. ఆయన పాటకి పందిరి లేచింది. రెండో ఆయన పొట్ట చేతపట్టుకుని ఊరొదిలి వెళ్ళాడు. సొంత నేల మీద సంగీతోత్సవం అని మనం ముచ్చటపడే ప్రతిచోటా ఈ ప్రశ్న ఒకటి కింద దాగి ఉంటుంది: పాట ఎవరిది, నేల ఎవరిది?

స్కూలు వంటావిడ

జానెట్ 1923లో పుట్టింది. చిన్నప్పుడు ఆ సరిహద్దు రేడియోలో పాడింది. పెళ్ళి, ముగ్గురు పిల్లలు, విడాకులు. బతుకుదెరువుకి స్కూల్లో వంట చేసేది. ఆటోహార్ప్ వాయించేది. కొత్తగా చూసేవాళ్ళకి అది స్వరమండలంలా కనబడుతుంది: పెట్టె మీద బోలెడు తీగలు, వాటికి అడ్డంగా బద్దీలు. ఒక బద్దీ నొక్కితే అక్కర్లేని తీగలన్నీ మూగబోయి, కావలసిన కార్డ్ మాత్రం పలుకుతుంది. పూర్వం ఒళ్ళో పడుకోబెట్టి మీటేవారు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని వాయించే పద్ధతికి మేబెల్ పేరు తెచ్చింది.

1974లో, యాభై దాటిన వయసులో, జానెట్ తండ్రి కొట్టు తలుపులు తీసి శనివారం పాటలు పెట్టింది. అప్పటికి కాలం కలిసొచ్చింది కూడా. 1960ల జానపద ఊపులో కాలేజీ కుర్రాళ్ళు మేబెల్‌ని వెతుక్కుంటూ వచ్చారు. 1970లో కార్టర్ కుటుంబాన్ని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, ఆ గౌరవం అందుకున్న తొలి బృందం అదే. 1972లో నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అనే యువకుల బృందం మేబెల్‌ని కూర్చోబెట్టుకుని చేసిన ఆల్బం కొత్త తరానికి పాత పాట రుచి చూపించింది. అలా పేరు మళ్ళీ గాలిలో ఉంది. ఆ పేరు పెట్టుకుని ఏ నగరంలోనో హాలు అద్దెకి తీసుకోవచ్చు. జానెట్ లోయ దాటలేదు. జనం కొట్టులో పట్టక రోడ్డు మీద నిలబడుతుంటే, 1976లో పక్కనే షెడ్డు లేపారు. జో వడ్రంగం, పొరుగువాళ్ళ సాయం, దొరికిన సామాను. ఆ మొదటి రికార్డింగు రోజున బ్రిస్టల్‌లో తల్లి ఒళ్ళో ఉన్న చంటివాడే ఈ జో. పాటల మధ్యలో కోడి కూతలు, జంతువుల అరుపులు అనుకరిస్తూ జనాన్ని నవ్వించేవాడు.

నడిపిన పద్ధతిలో కొత్త ఏమీ లేదు, ఒక ఇంటి పెద్దావిడ తన ఇల్లు నడిపిన తీరే. ఇంట్లో తాగడానికి వీల్లేదు కాబట్టి ఇక్కడా వీల్లేదు. ఇంటికొచ్చిన వాళ్ళకి తిండి పెట్టాలి కాబట్టి చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె, ఇంట్లో చేసిన కేకులు. అవి తక్కువ ధరకే దొరుకుతాయి. పసిపిల్లలకి టికెట్టు లేదు. గేటు దగ్గర, వంట దగ్గర, కార్లు నిలిపే చోట నిలబడేది చుట్టాలూ పొరుగువాళ్ళూ. పాడేది చాలామటుకు చుట్టుపక్కల వర్జీనియా, టెనెసీ, నార్త్ కరోలినా, కెంటకీ కొండల బృందాలు. బాంజో, ఫిడేలు, గిటారు, మాండొలిన్, నిలువు బేస్. మైకు ఉంటుంది, వాయిద్యానికి మాత్రం కరెంటు తగలకూడదు.

ఈ చివరి నియమం చాదస్తమని విసుక్కున్నవాళ్ళు ఉండకపోరు. నాకు మాత్రం ఇదే ఆ పందిరికి నిట్టాడి అనిపిస్తుంది. కరెంటు వాయిద్యం వస్తే శబ్దం పెరుగుతుంది, శబ్దంతో పాటు పెద్ద స్పీకర్లు, పెద్ద బృందం, పెద్ద పారితోషికం, దాన్ని రాబట్టడానికి పెద్ద టికెట్టు, అంత టికెట్టు కొనే జనం కోసం బీరు కౌంటరు. ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయి. మొదటిదాన్ని గుమ్మం బయటే ఆపేస్తే మిగతావాటితో పేచీ ఉండదు. జానెట్ ఇదంతా లెక్కవేసి పెట్టిందని చెప్పలేను. నాన్న పాట నాన్న పాడినట్టే ఉండాలనుకుంది, అంతే. లెక్క దానంతటదే సరిపోయింది.

నియమానికి ఒకే ఒక మినహాయింపు: జానీ క్యాష్. మేబెల్ కూతురు జూన్‌ని పెళ్ళాడాడు కాబట్టి ఇంటల్లుడు. ప్రపంచమంతా తెలిసిన గాయకుడు. అతను వస్తే కరెంటు వాయిద్యాలకీ అనుమతి ఉండేది. ఆయనకెందుకు చెల్లిందని ఎవరైనా అడిగితే, నా దగ్గరికి వచ్చేటప్పటికే అతనికి కరెంటు ఎక్కేసి ఉంది, నేనేం చెయ్యను అన్నట్టు జానెట్ హాస్యమాడేది. అల్లుడికి ఆ మాత్రం మర్యాద ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. క్యాష్ దంపతులకి లోయలో ఇల్లుండేది, మేబెల్ కాపురమున్న ఇల్లే. 2003 మే నెలలో జూన్ పోయింది. ఆ మరుసటి నెల 21న, మళ్ళీ జూలై 5న క్యాష్ ఫోల్డ్‌కి వచ్చి పాడాడు. చూపు మందగించింది, నిలబడలేడు, కుర్చీలో కూర్చునే పాడాడు. జూలై 5 నాటిదే ఆయన జనం ముందు పాడిన ఆఖరి సభ. సెప్టెంబరు 12న పోయాడు. స్టేడియంలు నింపినవాడు చివరికి పాడింది అత్తవారి ఊళ్ళో, బస్సు సీట్లలో కూర్చున్న జనానికి.

ఇంకో రైతు, ఇంకో దారి

ఇదే కాలంలో ఇంగ్లండులో ఒక పాడిరైతు కథ దీనికి పూర్తిగా ఎదురు నడిచింది. సోమర్సెట్ జిల్లా పిల్టన్ గ్రామంలో మైఖేల్ ఈవిస్ తన వర్తీ ఫారమ్‌లో 1970 సెప్టెంబరు 19న పాటల సభ పెట్టాడు. పాప్, బ్లూస్, జానపదం కలగలుపు. టికెట్టు ఒక పౌను, దాంతో పాటు తమ ఆవుల పాలు ఉచితం. వచ్చింది సుమారు 1,500 మంది. అదే ఇవాళ్టి గ్లాస్టన్‌బరీ. రెండు లక్షల మందికి పైగా చేరే ఆ ఐదు రోజుల్లో ఫారం ఒక నగరమైపోతుంది. కొన్నేళ్ళకోసారి ఒక ఏడాది సభ మానేసి నేలకి విశ్రాంతినిస్తారు, మనవాళ్ళు చేను బీడు పెట్టినట్టు. పాలిచ్చే ఆవులు ఆ గడ్డి మీదే మేయాలి మరి. అక్కడా కుటుంబమే, తండ్రి తర్వాత కూతురు ఎమిలీ నడుపుతోంది. పెరగడం తప్పని అననుగానీ, పెరిగేకొద్దీ ఇల్లు సంస్థ అవుతుంది. కార్టర్లది ఇప్పటికీ ఇల్లే. వారం వారం పెట్టడంలో ఒక సులువు కూడా ఉంది: ఒక శనివారం వాన పడి జనం రాకపోతే కొంప మునగదు, వచ్చే శనివారం ఉంటుంది. ఏడాదికొక్కసారే పెట్టేవాళ్ళకి ఆ కొద్ది రోజుల వాన అప్పుల్లో ముంచుతుంది.

మన కళ్ళాలు, మన మిరాసీలు

తెలుగునాట జానపదం పుట్టింది కూడా పొలం గట్టునే, ఆడింది కోతలయ్యాక ఖాళీ అయిన కళ్ళాల్లోనే. అయితే నేల మాత్రం పాటగాళ్ళది కాదు. మన ఏర్పాటు వేరు. చిందువాళ్ళు, డక్కలివాళ్ళు, సాధనాశూరులు, ఒగ్గువాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కులాన్ని ఆశ్రయించుకుని ఆ కులపురాణం ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి అని మిరాసీ హక్కు ఉండేది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఊళ్ళను పంచుకునేవారు. ఒకరి ఊళ్ళో ఇంకొకరు గజ్జె కడితే తగువు పంచాయితీకెక్కేది. ధాన్యం, బట్టలు, కట్నాలు రావాల్సిన లెక్క ప్రకారం రావాలి. ఒక రకంగా చూస్తే సెంటు నేల లేని మనిషికి నాలుగైదు ఊళ్ళ మీద హక్కు. చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మ పసితనం నుంచే గజ్జె కట్టి నడిచిన దారి అదే.

ఆ హక్కు ఇచ్చేవాళ్ళ దయ మీద, కులపు కట్టుబాటు మీద నిలబడింది. కట్టుబాటు సడలింది, మంచిదే, దాంట్లో అవమానం కూడా కలిసి ఉండేది కదా. సడలినప్పుడు పాటగాడికి మాత్రం ఏమీ మిగల్లేదు. దర్శనం మొగిలయ్య చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర మిగిలింది, సకిని రామచంద్రయ్య గుండెలో కోయ వీరుల కథలు మిగిలాయి. 2022లో ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చాయి. 2024లో రామచంద్రయ్య పోయేదాకా కూడా, వాళ్ళ పాట వినాలంటే మనం ఏ శనివారం, ఏ ఊరు వెళ్ళాలి అంటే చెప్పడానికి చిరునామా లేకపోయింది. పతకం వచ్చింది, పందిరి రాలేదు.

సొంత సొమ్ముతో పాటకి చోటు కట్టిన మనిషి మన సంగీత చరిత్రలో లేకపోలేదు. అది జానపదం కాకపోయినా చెప్పుకోవాలి. బెంగళూరు నాగరత్నమ్మ 1920ల్లో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద తన సంపాదనతో గుడి కట్టించారు. అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడరాదన్నారు అప్పటి పెద్దలు. ఆవిడ ఆడవాళ్ళ బృందంతో విడిగా ఆరాధన జరిపి, చివరికి అందరినీ ఒకే పందిట్లోకి తెచ్చారు. ఆస్తిని ట్రస్టుకి రాసి వెళ్ళారు. ఇవాళ టీవీలో పంచరత్నాల గోష్ఠి చూసేటప్పుడు ముందు వరసలో కూర్చున్న విద్వాంసురాళ్ళు కనిపిస్తారు చూడండి, వాళ్ళకి ఆ చాప పరిచింది ఆవిడే.

తర్వాత ఎవరు

సొంత నేల మీద నడిచే ఏ వేదికకైనా అసలు గండం ఇదే. వ్యవస్థాపకులు పోయిన మర్నాడు వాటాలు, పన్నులు, పట్నంలో ఉద్యోగాలున్న పిల్లలు, కొంటామని వచ్చేవాళ్ళు. జానెట్ ముందే జాగ్రత్తపడింది. ఫోల్డ్‌ని, మ్యూజియాన్ని లాభాపేక్ష లేని సంస్థ కిందకి తెచ్చింది. దాంతో విరాళాలు, కళల నిధులు తీసుకునే వీలు కలిగింది, పందిరి ఎవరి వాటాలోకీ పోకుండా నిలిచింది. 2005లో అమెరికా జాతీయ కళల నిధి ఆమెకి హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. పాటకి ఇచ్చిన పురస్కారం కాదది, పాటని కాపాడేవాళ్ళకి బెస్ లోమాక్స్ హాజ్ పేరిట ఇచ్చేది. అదే ఏడాది మార్చిలో జో పోయాడు. 2006 జనవరిలో జానెట్ పోయింది. కూతురు రీటా ఫారెస్టర్ అప్పటికే చాలాకాలంగా తల్లి వెనక నిలబడి వంటా గేటూ చూసుకున్న మనిషి, పగ్గాలు అందుకుంది. జానెట్ కొడుకు డేల్ జెట్ పాడతాడు. ఈలోగా వర్జీనియా రాష్ట్రం కొండల్లోని సంగీత స్థలాలన్నిటినీ కలుపుతూ క్రుకెడ్ రోడ్ అని ఐదు వందల కిలోమీటర్లకి పైబడిన యాత్రా మార్గం గీసింది. దాని మీద ఫోల్డ్ ఒక పెద్ద మజిలీ. బొగ్గు, పొగాకు మీద బతికిన ప్రాంతానికి ఇప్పుడు ఈ శనివారాలే కొంత వ్యాపారం.

నాక్స్‌విల్‌లోనూ షార్లెట్‌లోనూ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కారెక్కితే మూడు గంటలకి అటూ ఇటూగా తేలే దారి. వెళ్ళేవాళ్ళు గట్టి అడుగున్న బూట్లు వేసుకెళ్ళడం మంచిది. వేదికకీ మొదటి వరసకీ మధ్య కొంత చోటు ఖాళీగా వదిలేస్తారు. ఫిడేలు జోరందుకోగానే అక్కడికి జనం దిగిపోతారు. బూటు అడుగున ఇనప బిళ్ళలు కొట్టించుకుని వచ్చిన తాతలు, బడికెళ్ళే పిల్లలు, మొన్ననే పెళ్ళైన జంటలు. ఒంటి పైభాగం కదలదు, చేతులు వదులుగా వేలాడతాయి, పనంతా మోకాళ్ళ కిందే. మడమ, ముంగాలు, మళ్ళీ మడమ, తాళానికి పావు వంతు అటూ ఇటూ కాకుండా టకటకమని. మన చెక్కభజన తెలిసినవాళ్ళకి రెండు నిమిషాల్లో లయ దొరుకుతుంది. నాకు రాదండీ అని కూర్చుంటే పక్కనున్న ముసలావిడ చెయ్యి పట్టుకుని లేపేస్తుంది.